కట్టుబాటే పెట్టుబడి

ఇటలీ వాయవ్య మూలన పీడ్‌మాంట్ ప్రాంతంలో, తానరో నదిని ఆనుకున్న కొండ మీద బార్బరెస్కో అనే చిన్న ఊరుంది. జనాభా వెయ్యి కూడా ఉండదు. ఊరి పేరే అక్కడి ఎర్ర వైన్ పేరు. అక్కడి ద్రాక్ష రైతుల సహకార సంఘం పేరు ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో. యాభై కుటుంబాలకు అటూ ఇటూగా అందులో సభ్యత్వం ఉంది. వాళ్లందరి తోటలూ కలిపితే 100 హెక్టార్లకు పైన, అంటే 250 ఎకరాలు దాటుతాయి. చేరినవారికి ఒక షరతు ఉంది. పండించిన నెబ్బియోలో రకం ద్రాక్ష యావత్తూ సంఘానికే తోలాలి. మేలైన గుత్తులు పక్కన పెట్టుకుని ఇంట్లో సొంత వైన్ చేసుకోవడం, ధర పలికిన ఏడు వర్తకుడికి అమ్మేసి పలకని ఏడు సంఘం గడప తొక్కడం కుదరదు.

సహకార సంఘం అనగానే మన దగ్గర మొదట వచ్చే ప్రశ్న, చేరితే ఏమొస్తుందని. అప్పు వస్తుందా, ఎరువులు వస్తాయా, రాయితీ వస్తుందా? బార్బరెస్కో రైతులు 1958లో సంఘం పెట్టుకుంటూ ఆ ప్రశ్నను తిరగేసి అడిగారు. చేరాలంటే ఏం వదులుకోవాలి? అరవై ఏళ్లు దాటినా ఆ సంఘం నిలిచి ఉందంటే, ప్రపంచంలోని పెద్ద వైన్ విమర్శకులు పేరున్న ప్రైవేటు సంస్థల సరసన దాన్ని కూర్చోబెడుతున్నారంటే, కారణం ఆ ప్రశ్నలోనే ఉంది.

మద్యం మాట ఎత్తితే తెలుగు పాఠకుడికి 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం గుర్తుకు రావడం సహజం. అక్కడ పోరాడిన మహిళల గోడు మరవాల్సింది కాదు. ఇక్కడి చర్చ తాగేవారి గురించి కాదు, పండించేవారి గురించి. కోసిన మర్నాటి నుంచే విలువ పడిపోయే పంటను నమ్ముకున్న చిన్న రైతు, వర్తకుడి ముందు తల వంచకుండా ఎలా బతకగలడన్నది విషయం.

పందొమ్మిదో శతాబ్దంలో బార్బరెస్కో కొండల మీద పండిన నెబ్బియోలోకు సొంత పేరు ప్రతిష్ఠలంటూ పెద్దగా లేవు. చాలావరకు పొరుగునే ఉన్న బరోలో వైన్ తయారీదారులు కొనుక్కుపోయేవారు. 1881లో దగ్గరి పట్టణం అల్బాలో ద్రాక్ష సాగు, వైన్ తయారీ నేర్పే రాజ పాఠశాల మొదలైంది. దానికి తొలి అధిపతిగా వచ్చిన డొమిజియో కవాత్సా వ్యవసాయ శాస్త్రవేత్త. ఆయన బార్బరెస్కోలోని పాత కోటను కొనుక్కుని, 1894లో తొమ్మిది మంది రైతులను కూడగట్టి అక్కడే ఉమ్మడిగా వైన్ చేయించారు. బార్బరెస్కో పండు బార్బరెస్కో పేరుతోనే అమ్ముడుపోవాలన్నది ఆయన పట్టుదల. 1913లో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ముసోలినీ ఫాసిస్టు పాలన సహకార సంఘాల మీద కత్తి కట్టింది. ఆ పాలనలోనే ఆ సంఘం మూతపడింది.

ఈ కొండల రైతుల పాత బతుకు ఎలా ఉండేదో అల్బాకు చెందిన రచయిత బెప్పె ఫెనోల్యో 1954లో అచ్చయిన ‘లా మలోరా’ అనే చిన్న నవలలో రాశాడు. ఇంట్లో జరుగుబాటు లేక కన్న కొడుకును మరో రైతు దగ్గర జీతానికి పెట్టే కుటుంబం కథ అది. నేడు లాంగే అనే ఈ కొండసీమ అంటే విలాస యాత్రికుల స్వర్గం. అప్పట్లో ఆ పేరు పేదరికానికి మారుపేరు. చిన్న కమతాలవారికి సొంత పీపాల్లేవు, నేలమాళిగల్లేవు. పండు కోశాక బండికెత్తి అంగడికి తోలడం, దళారీ నోట వచ్చిన ధర వినడం, అంతే. పొద్దెక్కే కొద్దీ పండు వాడుతుంది, వర్తకుడి గొంతు పెరుగుతుంది. మదనపల్లె మార్కెట్‌లో టమాటా బుట్టల పక్కన నిలబడ్డ రైతు ముఖం చూసినవారికి ఈ దృశ్యం విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అల్బాలో ఫెర్రెరో మిఠాయి ఫ్యాక్టరీ పెరగసాగింది. 1946లో మొదలైన ఆ కంపెనీ ఊళ్లకు బస్సులు పంపి మరీ పనివాళ్లను తీసుకెళ్లేది. నెల జీతం రుచి తెలిసిన యువకులు తోటల వైపు చూడటం మానేశారు. ఊరు ఖాళీ అయిపోతుందని మొదట భయపడినవాడు చర్చి గురువు ఫియోరినో మరెంగో. చిన్న రైతులు విడివిడిగా ఉన్నంతకాలం పండు ధర వారి చేతికి రాదని ఆయనకు అర్థమైంది. 1958లో 19 మంది రైతులను ఒప్పించి కొత్త సంఘం పెట్టించాడు. సొంత భవనం లేదు. మొదటి మూడేళ్ల పంటను చర్చి నేలమాళిగలోనే వైన్‌గా మార్చారు. తర్వాతే చర్చి ఎదుట సొంత కేంద్రం కట్టుకున్నారు.

మతగురువు రైతు సంఘం పెట్టించడం ఉత్తర ఇటలీకి కొత్త కాదు. జర్మనీలో ఫ్రీడ్రిష్ రైఫైజెన్ ఊరూరా పొదుపు, పరపతి సంఘాలు పెట్టించిన పద్ధతి 1880ల్లోనే ఇటలీకి చేరింది. 1890ల నుంచి క్యాథలిక్ గురువులు దాన్ని అందిపుచ్చుకుని పల్లెల్లో గ్రామీణ బ్యాంకులు నెలకొల్పారు. జర్మనీలోనే ఆర్ నది లోయలో, ఎర్ర వైన్‌కు పేరుపడ్డ మైషోస్ గ్రామంలో 1868లోనే ద్రాక్ష రైతులు సంఘం కట్టారు. నేటికీ నడుస్తున్న అతి పాత ద్రాక్ష రైతుల సంఘాల్లో అదొకటి. 2021 జులై వరదలు ఆ లోయను ముంచెత్తినా ఆ సంఘం బతికింది.

ఇక బార్బరెస్కో సంఘం లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. నెబ్బియోలో మొండి రకం. వసంతంలో ముందుగా చిగురిస్తుంది, శరదృతువులో అందరికంటే ఆలస్యంగా పండుతుంది. అక్టోబరు దాకా తీగ మీదే ఉంచాలి. ఈలోగా వాన పడొచ్చు, వడగళ్లు పడొచ్చు. త్వరగా కోసేద్దామన్న తొందర రైతుకు ఎప్పుడూ ఉంటుంది. తీగకు గుత్తులు ఎక్కువ వదిలితే బరువు పెరుగుతుంది గానీ తీపి, సారం తగ్గిపోతాయి. కిలో లెక్కన డబ్బిస్తే ఏ రైతైనా బరువు వైపే మొగ్గుతాడు. అందుకే ఇక్కడ పండు నాణ్యతను బట్టి చెల్లింపు. తూకంతో పాటు చక్కెర శాతం చూస్తారు, పండు ఆరోగ్యం చూస్తారు. మంచి పండు తెచ్చినవాడికి ఎక్కువ, నాసి పండు తెచ్చినవాడికి తక్కువ. పక్కింటి రైతు అయినా, బంధువైనా లెక్క ఒక్కటే. దాంతో ఎండాకాలంలోనే పచ్చి గుత్తులు కొన్ని కోసి పారేయడం రైతుకు నష్టంలా కనిపించదు. చట్టం కూడా హెక్టారుకు 8 టన్నులు మించి ద్రాక్ష తీస్తే బార్బరెస్కో అనే పేరు వాడనివ్వదు. ఎకరాకు లెక్కేస్తే మూడు టన్నుల పైచిలుకు.

డబ్బు తిరిగే తీరు ఇంకా ముఖ్యం. నిబంధనల ప్రకారం బార్బరెస్కో కనీసం 26 నెలలు నిల్వ ఉండాలి. అందులో 9 నెలలు చెక్క పీపాల్లో గడవాలి. ‘రిజర్వా’ అని రాసుకోవాలంటే 50 నెలలు. అంటే 2020 అక్టోబరులో కోసిన పండు 2023 జనవరికి గానీ ఆ పేరుతో అంగట్లోకి రాకూడదు. రిజర్వా అయితే 2025 దాకా ఆగాలి. రెండెకరాల రైతు అన్నాళ్లు ఎలా ఆగుతాడు? ఆగలేడు గనకే పండు అమ్ముకుంటాడు, ఆగగలిగిన వర్తకుడు లాభం తింటాడు. సంఘం చేసిన అసలు పని ఈ నిరీక్షణను ఉమ్మడి చేయడం. పీపాలు, నేలమాళిగ, బ్యాంకు అప్పు అన్నీ అందరివీ అయినప్పుడు చిన్న రైతు కూడా నాలుగేళ్లు ఆగగలిగిన వ్యాపారి అయ్యాడు. ఈ ఏర్పాటు నిలవాలంటే ప్రతి ఏటా ఎంత పండు వస్తుందో సంఘానికి ముందే తెలియాలి. పండించిందంతా సంఘానికే తోలాలన్న షరతుకు మూలం అక్కడుంది.

నాణ్యతకు తలవంచే గుణం మరో చోట మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సంఘం సభ్యులకు బార్బరెస్కోలోని తొమ్మిది పేరున్న వాలుల మీద తోటలున్నాయి. అసీలి, రబయా, పోరా, మోంతెస్తెఫనో, ఒవెల్లో, పాయె, మోంతెఫీకో, ముంకగోతా, రియో సోర్దో. మంచి ఏడాదిలో ఈ తొమ్మిదింటి పండును విడివిడిగా వైన్ చేసి, ఏ వాలుది ఆ వాలు పేరుతో సీసాల్లో నింపుతారు. ఆ పండు ఇచ్చిన రైతుల పేర్లు కూడా సీసా మీద అచ్చవుతాయి. 1967 పంటతో ఈ పద్ధతి మొదలైంది. ఏడాది బాగోకపోతే వాలుల పేర్లు కనిపించవు. తొమ్మిది వాలుల పండూ మామూలు బార్బరెస్కోలో కలిసిపోతుంది. వానలు దెబ్బతీసిన 2002లో అదే జరిగింది. రబయా వాలు మీద తోట ఉన్న రైతుకు తన పేరున్న సీసా ఆ ఏడు లేదు. ఇలా కలపడం వల్లే చెడ్డ ఏడాదిలో కూడా సంఘం మామూలు సీసా మరీ తీసికట్టుగా ఉండదు. పైరకం రాబడి తగ్గుతుందని తెలిసీ ఓటేసి ఒప్పుకునే సభ్యులున్న సంఘం అరుదు.

1966లో బార్బరెస్కోకు ఇటలీ ప్రభుత్వ ప్రాంత గుర్తింపు వచ్చింది. 1980లో అంతకంటే కఠినమైన హామీ హోదా వచ్చింది. ఆ హోదా మొదట దక్కిన కొద్ది వైన్లలో ఇదొకటి. ఆ హోదా ఎంత విలువైనదో 1986లో దేశమంతటికీ తెలిసొచ్చింది. అల్బా ఉన్న కూనెయో జిల్లాలోనే ఒక చౌకబారు వ్యాపారి వైన్‌లో మిథనాల్ కలిపాడు. ఇరవై మందికి పైగా చనిపోయారు, పలువురి చూపు పోయింది. ఇటలీ వైన్ ఎగుమతులు కుప్పకూలాయి. ఎక్కడి పండు, ఎవరి తోట, ఏ పీపా అని చెప్పగలిగినవారే ఆ దెబ్బ నుంచి త్వరగా కోలుకోగలిగారు.

ఇక్కడ ఒక ప్రతివాదం వస్తుంది. బార్బరెస్కో పేరు ప్రపంచానికి చాటింది సంఘం కాదు, ఆంజెలో గాయా అనే ప్రైవేటు తయారీదారు కదా అని. నిజమే. 1960ల నుంచి గాయా ఈ ఊరి పేరును న్యూయార్క్ దాకా మోసుకెళ్లాడు. ఆయన సీసా ధరతో పోలిస్తే సంఘం సీసా చాలా చౌక. కానీ అదే గాయా 2000లో తన మూడు ప్రఖ్యాత వాలుల వైన్ల మీద నుంచి బార్బరెస్కో అనే పేరే తీసేసి, ‘లాంగే’ అనే విశాలమైన పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు కింద నిబంధనలు సులువు. 2013 పంటతో ఆ వైన్లు మళ్లీ పాత పేరుకే తిరిగొచ్చాయి. గొప్ప తయారీదారు ఊరి పేరును వదిలి వెళ్లగలడు, కావాలనుకుంటే తిరిగి రాగలడు. సంఘానికి ఆ వీలు లేదు. ఊరి పేరు తప్ప దానికి మరో ఆస్తి లేదు. అందుకే ఆ పేరును అంత జాగ్రత్తగా కాపాడుకుంటుంది. పైగా ప్రైవేటు నైపుణ్యాన్ని దూరం పెట్టాలని కూడా సంఘం అనుకోలేదు. తొలి దశాబ్దాల్లో దాన్ని నడిపిన చెలెస్తీనో వాక్కా కుమారుడు అల్దో వాక్కా, గాయా దగ్గర పనిచేసి వచ్చాకే సంఘం పగ్గాలు పట్టారు.

మరో ప్రతివాదం నేల గురించి. అంత గొప్ప మట్టి ఉంటే ఎవరైనా బాగుపడతారని. ఆ మట్టి ఫెనోల్యో నవల నాటికీ అదే మట్టి. అప్పుడు ఆ మట్టే పిల్లల్ని జీతానికి పంపింది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కొండలకు కాసులు కురిపించింది నేల ఒక్కటే అయ్యుంటే, 1958లో ఊరు ఖాళీ కావలసిన పని లేదు.

కట్టుబాటు లేని సహకారం ఏమవుతుందో ఐరోపాయే చూపించింది. దక్షిణ ఫ్రాన్స్‌లో, దక్షిణ ఇటలీలో పుట్టిన సంఘాల్లో చాలావాటికి బరువే కొలమానం. ఎంత పండు తెచ్చినా తీసుకున్నారు. 1970, 80ల్లో అమ్ముడుపోని వైన్ చెరువుల్లా పేరుకుపోయింది. ఐరోపా ఆర్థిక సమాజం డబ్బిచ్చి ఆ వైన్‌ను కొని పారిశ్రామిక ఆల్కహాల్‌గా కాచి పంపింది. ఆ తర్వాత తోటలు పీకేసినందుకు కూడా రైతులకు డబ్బిచ్చింది. ఒకవైపు ముసోలినీ రాజ్యం కక్ష కట్టి సంఘాన్ని మూయించింది. మరోవైపు ప్రేమ చూపిన రాజ్యం సభ్యుడి చేత నాసి పండు పండించింది.

అయినా బార్బరెస్కో సంఘానికి దిష్టి తీయాల్సినంత పరిస్థితి ఏమీ లేదు. పేరున్న వాలుల మీద భూమి ధరలు చుక్కలనంటాయి. తాత సంఘంలో సభ్యుడైతే మనవడు సొంత పేరుతో సీసా అమ్ముకోవాలనుకోవడం సహజం. వాతావరణం వేడెక్కుతోంది. ఒకప్పుడు అక్టోబరు చివర్లో జరిగే కోత నేడు తరచూ చాలా ముందుకు జరుగుతోంది. వీటన్నిటికంటే నైతికంగా బరువైన ప్రశ్న కూలీలది. లాంగే కొండల్లో కోతకు వచ్చేవారిలో ఎక్కువమంది పరాయి దేశాల వలస కూలీలు. 2024 వేసవిలో అల్బా పరిసరాల్లో వాళ్లను కొట్టి పని చేయించిన దళారీలను పోలీసులు పట్టుకున్నారు. సంఘం తోట యజమానిని వర్తకుడి చేతి నుంచి విడిపించింది. తీగ కింద కత్తెర పట్టుకున్న మనిషికి ఆ సంఘంలో ఓటు లేదు. ఈ లెక్క ఇంకా తేలలేదు.

ఇక మన వైపు చూద్దాం. రైఫైజెన్ ఆలోచన ఇటలీ చర్చి గురువులకు చేరిన రోజుల్లోనే తెలుగు నేలకూ చేరింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపా గ్రామీణ బ్యాంకులను అధ్యయనం చేయమని పంపింది. రైఫైజెన్ పద్ధతినే ఇక్కడ నాటాలని ఆయన నివేదిక సూచించింది. 1904లో దేశమంతటికీ సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మూలం ఒకటే. కానీ ఇటలీలో ఆ ఆలోచన ఊరి చేతిలో పెరిగింది, ఇక్కడ రిజిస్ట్రార్ చేతిలో పెరిగింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం కింద సంఘాల్లో ప్రభుత్వ వాటా ధనం, ప్రభుత్వ అధికారి, ఎన్నికల వాయిదా ఇవన్నీ సభ్యుడికి అలవాటైపోయాయి. సభ్యుడి దృష్టిలో సంఘం అంటే సర్కారు కౌంటర్.

దీన్ని మార్చే ప్రయత్నం కూడా ఇక్కడే మొదలైంది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటా తీసుకోకుండా సభ్యుల సొంత సొమ్ముతో, సొంత నియమాలతో నడిచే సంఘాలకు దేశంలోనే మొదటగా దారి తెరిచిన చట్టం అది. దాని కింద నిలబడ్డ ఉదాహరణ పూర్వపు కరీంనగర్ జిల్లా ముల్కనూరు మహిళా పాడి సంఘం. సభ్యులంతా మహిళలే. ‘స్వకృషి’ పేరుతో అమ్ముతున్న ఆ పాల పొట్లం వెనుక ఊరూరి మహిళల సంఘాలున్నాయి. పాలలో వెన్న శాతం చూసి డబ్బు కట్టే పద్ధతికీ బార్బరెస్కోలో చక్కెర శాతం చూసే పద్ధతికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇలాంటివి మన దగ్గర వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉండటమే బాధ.

2020లో కేంద్రం దేశవ్యాప్తంగా 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థలు పెట్టాలని పథకం ప్రకటించింది. ఒక్కో సంస్థకు మూడేళ్ల నిర్వహణకు 18 లక్షల రూపాయల వరకు సాయం, ఒక్కో సభ్యుడి వాటాకు 2,000 రూపాయల వరకు సమాన గ్రాంటు. సంస్థలు రిజిస్టరయ్యాయి. సభ్యుల సంఖ్య ఎంత, వాటా ధనం ఎంత అని పత్రాలు అడుగుతున్నాయి. ఉద్యానవన శాఖ, నాబార్డు అధికారులు గ్రాంటు తదుపరి విడత విడుదల చేసే ముందు మరో కాలమ్ చేర్చితే చాలు: గడిచిన సీజన్‌లో ఒక్కో సభ్యుడు పండించిన మిరప, మామిడి, పసుపు, టమాటాలో ఎంత భాగం సంస్థకే అప్పగించాడు, నాణ్యతను బట్టి అతడికి ఏ ధర దక్కింది. ఆ కాలమ్ ఖాళీగా ఉన్న సంస్థకు మూడో ఏడాది 18 లక్షలు ఖర్చయ్యాక మిగిలేది ఆఫీసు బోర్డు, ఆడిట్ ఫైలు. అది నిండిన సంస్థకు ఏడాదిన్నర నిల్వకు పనికొచ్చే గిడ్డంగి, చౌక వడ్డీ రుణం ఇస్తే బార్బరెస్కో రైతు చర్చి నేలమాళిగలో మొదలుపెట్టిన పనిని గుంటూరు మిరప రైతూ మొదలుపెట్టగలడు.